బహుభాషా ప్రాజెక్టులో లింటింగ్, ఫార్మాటింగ్‌లను ఆటోమేట్ చేయడం

ఒకే రిపాజిటరీలో పైథాన్‌లో రాసిన సర్వీసు, టైప్‌స్క్రిప్ట్‌లో రాసిన వెబ్ భాగం, గో భాషలో రాసిన ఒక చిన్న టూల్, వీటన్నిటినీ కలిపి నడిపే షెల్ స్క్రిప్టులు, యామల్ ఫైళ్లు ఉండటం ఇప్పుడు సర్వసాధారణం. ప్రతి భాషకూ మంచి ఫార్మాటర్లు, లింటర్లు ఉన్నాయి, వాటిని విడివిడిగా నడపడం ఎవరికైనా తేలికే. చిక్కంతా అవి బృందంలోని అందరి కంప్యూటర్లలోనూ, కోడ్ చేరినప్పుడల్లా తనిఖీలు నడిపే సీఐ సర్వర్‌లోనూ ఒకే వెర్షన్‌తో, ఒకే సెట్టింగులతో, ఎవరూ గుర్తుపెట్టుకోనక్కర లేకుండా నడిచేలా చూడటంలో ఉంది. టూళ్ల ఎంపిక మీద జరిగే చర్చలో పదో వంతు కూడా ఈ విషయం మీద జరగదు. ఏర్పాటు చెడిపోయేది మాత్రం ఎప్పుడూ ఇక్కడే.

ఫార్మాటర్ పని వేరు, లింటర్ పని వేరు

ఫార్మాటర్ కోడ్ రూపాన్ని మాత్రమే మారుస్తుంది, అర్థాన్ని మార్చదు. పైథాన్ ఫార్మాటర్ బ్లాక్ అయితే, మార్పుకు ముందూ తర్వాతా ఉన్న సింటాక్స్ ట్రీలను (కోడ్ నిర్మాణాన్ని చూపే వృక్షాలను) పోల్చి చూసి, అవి సమానమని తేలితేనే ఫైలును రాస్తుంది. అందువల్ల ఫార్మాటింగును మనిషి ప్రమేయం లేకుండా పూర్తిగా యంత్రానికి వదిలేయవచ్చు. లింటర్ సంగతి అలా కాదు. 1978లో బెల్ ల్యాబ్స్‌లో స్టీఫెన్ జాన్సన్ సీ భాష కోసం రాసిన లింట్ అనే ప్రోగ్రాము నుంచి నేటి వరకు లింటర్ల పని అనుమానాస్పదమైన కోడ్‌ను వేలెత్తి చూపడమే, ఆ అనుమానం ప్రతిసారీ నిజం కానవసరం లేదు. కొన్ని దోషాలను లింటరే దిద్దగలదు, కొన్నింటిని దిద్దితే ప్రోగ్రాము ప్రవర్తన మారిపోవచ్చు. పైథాన్ లింటర్ రఫ్ ఈ రెండింటినీ సురక్షితమైనవి, సురక్షితం కానివి అని విడదీసి, రెండో రకం దిద్దుబాట్లను మనం ప్రత్యేకంగా అడిగితే తప్ప చేయదు. మిగతా భాషల్లోనూ ఇదే విభజన పాటించడం మంచిది: సురక్షితమైన దిద్దుబాట్లు కమిట్ సమయంలో, అంటే మార్పును గిట్ చరిత్రలో నమోదు చేసేటప్పుడు, వాటంతటవే జరగాలి, మిగిలినవి మనిషి చూసి చేయాలి.

ఫార్మాటర్, లింటర్‌ల పనులు కలగాపులగమైతే ఒకరు వేసిన ముడిని మరొకరు విప్పుతూ కూర్చున్నట్టు ఉంటుంది. ఫార్మాటర్ ఒక కామా చేరుస్తుంది, లింటర్ దాన్ని తప్పంటుంది. జావాస్క్రిప్ట్ లింటర్ ఈఎస్‌లింట్ బృందం 2023లో తన ఫార్మాటింగ్ నియమాలన్నిటినీ విరమణ జాబితాలో చేర్చింది. పాత సెట్టింగులు వారసత్వంగా వచ్చిన ప్రాజెక్టుల్లో ఈఎస్‌లింట్-కాన్ఫిగ్-ప్రెట్టియర్ అనే ప్యాకేజీని సెట్టింగుల వరుసలో చివరన పెడితే, జావాస్క్రిప్ట్ ఫార్మాటర్ ప్రెట్టియర్‌తో తగాదా పడే నియమాలు ఆగిపోతాయి. వరుస పొడవు విషయంలో బ్లాక్, రఫ్‌ల సహజ పరిమితి 88 అక్షరాలు, ప్రెట్టియర్‌ది 80, గో ఫార్మాటర్ అసలు పొడుగు వరుసలను విరవదు. అన్ని భాషలకూ ఒకే సంఖ్య ఉండాలని పట్టుబట్టేవారు ఉంటారు. నా దృష్టిలో అది వృథా శ్రమ, ప్రతి టూలునూ దాని సహజ విలువ దగ్గరే వదిలేయడం మేలు.

టూళ్ల ఎంపిక

పైథాన్‌కు రఫ్ ఒక్కటే రెండు పనులూ చేస్తుంది. టైప్‌స్క్రిప్ట్, జావాస్క్రిప్ట్‌లకు ప్రెట్టియర్, ఈఎస్‌లింట్ జంట చాలు, సీఎస్ఎస్, మార్క్‌డౌన్, యామల్ ఫైళ్ల రూపాన్నీ ప్రెట్టియర్ చూసుకుంటుంది. గో భాషతో పాటే వచ్చే ఫార్మాటర్‌కు తోడుగా గోలాంగ్‌సీఐ-లింట్, రస్ట్‌కు రస్ట్‌ఫార్మాట్, క్లిప్పీ, సీ, సీ++ లకు క్లాంగ్-ఫార్మాట్, క్లాంగ్-టైడీ, డాకర్ ఫైళ్లకు హాడోలింట్ సరిపోతాయి. అందరూ మర్చిపోయేది షెల్ స్క్రిప్టులను. ఒకే ఒక్క లింటర్ పెట్టుకునే అవకాశం ఉంటే నేను షెల్‌చెక్‌నే ఎంచుకుంటాను. కొటేషన్ గుర్తులు లేకుండా వాడిన వేరియబుల్, ఫైలు పేరులో ఖాళీ తగిలిన నాడు ఏ డైరెక్టరీని తుడిచేస్తుందో ఊహించడం కష్టం. అటువంటి స్క్రిప్టులకు టెస్టులూ ఉండవు కాబట్టి వాటిని ముందుగా పట్టుకునేది లింటర్ ఒక్కటే.

ఎడిటర్, వరుస ముగింపు

ఏ హుక్ (కమిట్ సమయంలో దానంతటదే నడిచే తనిఖీ) పెట్టడానికైనా ముందు రిపాజిటరీ మూలంలో ఎడిటర్‌కాన్ఫిగ్ ఫైలు ఉండాలి. యూటీఎఫ్-8 ఎన్‌కోడింగ్, ఫైలు చివర ఒక కొత్త వరుస, భాషను బట్టి ఇండెంటేషన్ అందులో రాయాలి. గో ఫైళ్లకు, మేక్‌ఫైళ్లకు ట్యాబులే ఉండాలని విడిగా చెప్పడం మరవకూడదు. మేక్‌ఫైలులో ట్యాబు స్థానంలో ఖాళీలు పడితే అది నడవదు. ప్రెట్టియర్, షెల్ ఫార్మాటర్ షెఫ్‌ఎంటీ ఈ ఫైలును స్వయంగా చదువుకుంటాయి కనుక అవే విలువలను మళ్లీ రాయనక్కర్లేదు.

విండోస్ వాడేవారు బృందంలో ఒక్కరున్నా వరుస ముగింపుల సమస్య వచ్చి తీరుతుంది. ప్రెట్టియర్ తన రెండో ప్రధాన వెర్షన్ నుంచి యూనిక్స్ తరహా వరుస ముగింపునే ఆశిస్తుంది. గిట్ మాత్రం విండోస్‌లో సెట్టింగును బట్టి వాటిని మార్చి ఇస్తుంది. ఫలితంగా ఒక్క అక్షరం ముట్టుకోని ఫైళ్లన్నీ తప్పులుగా కనిపిస్తాయి. గిట్ యాట్రిబ్యూట్స్ ఫైలులో అన్ని టెక్స్ట్ ఫైళ్లకూ యూనిక్స్ ముగింపే ఉండాలని రాసి, గిట్ యాడ్ ఆదేశాన్ని రీనార్మలైజ్ ఆప్షన్‌తో ఒకసారి నడిపి కమిట్ చేస్తే ఈ గొడవ వదులుతుంది.

అన్నిటికీ ఒకే ద్వారం

ఇప్పుడు అసలు పని. ప్రీ-కమిట్ అనే ఫ్రేమ్‌వర్క్ ఒకే యామల్ ఫైలులో అన్ని భాషల టూళ్లనూ పేర్కొననిస్తుంది. ప్రతి టూలుకూ అది ఉన్న రిపాజిటరీ చిరునామా, వెర్షన్, నడపాల్సిన హుక్ పేరు రాస్తే, ఒక్కో దానికీ విడి ఎన్విరాన్‌మెంట్ తానే తయారుచేసి, కమిట్ కాబోయే ఫైళ్ల పేర్లను మాత్రమే ఆ టూలుకు అందిస్తుంది. వెర్షన్ స్థానంలో ట్యాగ్ గానీ కమిట్ హ్యాష్ (ఆ కమిట్ గుర్తింపు సంకేతం) గానీ ఉండాలి, బ్రాంచి పేరు రాయకూడదు. లెఫ్ట్‌హుక్, హస్కీ వంటి ప్రత్యామ్నాయాలు ఉన్నాయి, కానీ అవి హుక్‌లను నడుపుతాయే తప్ప టూళ్లను వాటి వెర్షన్‌తో సహా తెచ్చిపెట్టే బాధ్యత తీసుకోవు. బహుభాషా ప్రాజెక్టుకు కావలసింది ఆ బాధ్యతే.

అయితే విడి ఎన్విరాన్‌మెంట్ అన్ని టూళ్లకూ నప్పదు. ఈఎస్‌లింట్ ప్రాజెక్టులోని ప్లగిన్ల మీద ఆధారపడుతుంది. వాటన్నిటినీ ప్రీ-కమిట్ ఫైలులో మరోసారి రాస్తే వెర్షన్ల జాబితాలు రెండవుతాయి, కొన్నాళ్లకు ఒకదానికొకటి పొసగవు. అటువంటి టూలును స్థానిక హుక్‌గా ప్రకటించి, ప్రాజెక్టు లాక్‌ఫైలులో (డిపెండెన్సీల కచ్చితమైన వెర్షన్లు నమోదయ్యే ఫైలులో) ఉన్న వెర్షన్‌నే పిలవడం సరైన పద్ధతి. మైపై వంటి టైప్ చెకర్లకు (విలువల రకాలు పొసగుతున్నాయో లేదో చూసే టూళ్లకు) మరో ఇబ్బంది ఉంది. వాటికి మొత్తం ప్రోగ్రామూ, దాని డిపెండెన్సీలూ కనబడాలి, మారిన రెండు ఫైళ్లను మాత్రం ఇస్తే అవి చెప్పే జవాబు సగం నిజమే. వాటిని కమిట్ హుక్‌లో ఇరికించకుండా సీఐకి వదిలేయడమే ఉత్తమం. హుక్ పూర్తికావడానికి పట్టే సమయం కొన్ని సెకన్లు దాటితే జనం దాన్ని తప్పించుకునే దారులు వెతుకుతారన్నది కూడా గుర్తుంచుకోవాలి.

హుక్‌ల క్రమానికీ ప్రాధాన్యం ఉంది. కోడ్‌ను దిద్దే లింటర్ ముందు, ఫార్మాటర్ తర్వాత రావాలి, ఎందుకంటే లింటర్ దిద్దిన వరుస రూపం మళ్లీ చెదరవచ్చు. ఏ హుక్ అయినా ఫైలును మారిస్తే ప్రీ-కమిట్ ఆ కమిట్‌ను ఆపేస్తుంది. మార్పులను చూసి, మళ్లీ యాడ్ చేసి కమిట్ చేయాలి. కొత్తగా చేరినవారు దీన్ని లోపమని భ్రమపడతారు కాబట్టి ప్రాజెక్టు పరిచయ పత్రంలో ఒక వాక్యం రాసి ఉంచడం మంచిది.

మినహాయింపుల విషయంలో ఒక సూక్ష్మం చాలామందిని బోల్తా కొట్టిస్తుంది. యంత్రం పుట్టించిన కోడ్‌ను ముట్టుకోవద్దని బ్లాక్ లేదా రఫ్ సెట్టింగుల్లో రాసినా, హుక్ ఆ ఫైలు పేరును నేరుగా అందించినప్పుడు ఆ మినహాయింపు వర్తించదు. బ్లాక్‌కైతే ఫోర్స్-ఎక్స్‌క్లూడ్ అనే సెట్టింగును విడిగా వాడాలి. రఫ్ అధికారిక హుక్ ఈ ఆప్షన్‌ను తానే జతచేస్తుంది, మనం సొంతంగా రాసుకున్న హుక్ చేయదు. లాక్‌ఫైళ్లు, ఇతరుల నుంచి తెచ్చి పెట్టుకున్న కోడ్, టెస్టుల స్నాప్‌షాట్లు, ప్యాచ్ ఫైళ్లు వంటివాటిని ప్రీ-కమిట్ ఫైలులోనే అన్ని హుక్‌లకూ కలిపి మినహాయించడం ఇంకా తేలిక. వరుస చివరి ఖాళీలను తుడిచే హుక్‌తోనూ జాగ్రత్త అవసరం. మార్క్‌డౌన్‌లో వరుస చివర రెండు ఖాళీలు ఉంటే వరుస విరగాలని అర్థం, ఆ ఫైళ్లను విడిగా చూడమని చెప్పే ఆప్షన్ ఆ హుక్‌కు ఉంది.

పాత కోడ్‌ను దారికి తేవడం

కొత్త ప్రాజెక్టులో ఇంతవరకూ చెప్పినది చాలు. ఏళ్ల తరబడి పెరిగిన కోడ్‌లో అయితే ఫార్మాటర్‌ను తాకిన ఫైలుకు మాత్రమే వర్తింపజేద్దామనే ఆలోచన ఆకర్షణీయంగా కనిపిస్తుంది, కానీ అది పనికిరాదు. రెండు వరుసల దిద్దుబాటు నాలుగు వందల వరుసల మార్పులో మునిగిపోయి, రివ్యూ చేసేవారికి ఏమీ కనిపించదు. మొత్తం కోడ్‌ను ఒకేసారి ఫార్మాట్ చేసి, మనిషి చేతి మార్పు ఒక్కటి కూడా లేకుండా ఒకే కమిట్‌గా పెట్టాలి, నడిపిన ఆదేశాన్ని కమిట్ సందేశంలో రాయాలి.

దీనివల్ల గిట్ బ్లేమ్ (ఏ వరుసను చివరగా ఎవరు మార్చారో చూపే ఆదేశం) పాడవుతుందన్న అభ్యంతరానికి 2019లో వచ్చిన గిట్ 2.23 సమాధానం ఇచ్చింది. విస్మరించాల్సిన కమిట్ల హ్యాష్‌లను ఒక ఫైలులో రాసి, బ్లేమ్ సెట్టింగులో ఆ ఫైలు పేరు చెబితే, ప్రతి వరుసకూ దాని అసలు రచయితే కనిపిస్తారు. ఆ ఫైలును రిపాజిటరీ మూలంలో డాట్ గిట్-బ్లేమ్-ఇగ్నోర్-రెవ్స్ అనే పేరుతో ఉంచితే గిట్‌హబ్ కూడా దాన్ని పాటిస్తుంది. స్క్వాష్ లేదా రీబేస్ పద్ధతిలో మెర్జ్ చేస్తే హ్యాష్ మారిపోతుంది కాబట్టి, ఫార్మాటింగ్ కమిట్ ప్రధాన బ్రాంచిలో చేరిన తర్వాతే ఆ హ్యాష్‌ను చూసి, మరో కమిట్‌లో నమోదు చేయాలి.

అప్పటికి తెరిచి ఉన్న బ్రాంచిల పరిస్థితి ఏమిటన్నది తర్వాతి ప్రశ్న. ముందుగా ఫార్మాటింగ్ కమిట్‌కు సరిగ్గా ముందున్న కమిట్‌ను తమ బ్రాంచిలోకి మెర్జ్ చేసుకోవాలి. తర్వాత అదే ఫార్మాటర్‌ను, అదే వెర్షన్‌తో తమ బ్రాంచి అంతటా నడిపి కమిట్ చేయాలి. ఆ పిమ్మట ఫార్మాటింగ్ కమిట్‌ను అవర్స్ అనే వ్యూహంతో మెర్జ్ చేస్తే, తమ కోడ్ చెదరకుండానే చరిత్ర కలిసిపోతుంది, వందలాది సంఘర్షణలను చేత్తో విప్పనక్కర ఉండదు.

లింట్ దోషాలను ఇలా ఒక్క దెబ్బతో దిద్దలేం. ఉన్న దోషాలను జాబితాగా రాసిపెట్టి, కొత్తవి మాత్రమే చేరకుండా ఆపడమే మార్గం. రూబీ లింటర్ రూబోకాప్ ఆ జాబితాను తానే తయారుచేసి ఇస్తుంది, పీహెచ్‌పీ టూలు పీహెచ్‌పీస్టాన్‌లో దాన్ని బేస్‌లైన్ అంటారు, గోలాంగ్‌సీఐ-లింట్ ఫలానా కమిట్ తర్వాతి మార్పులనే చూడమంటే చూస్తుంది, ఈఎస్‌లింట్‌లో ఈ సదుపాయం 2025లో వచ్చింది. ఏ నియమమైనా ఎర్రర్‌గా ఉండాలి, లేదా ఆపేసి ఉండాలి. మధ్యలోని వార్నింగులు పోగుపడి ఎవరూ చదవని గోడరాతలవుతాయి. ఈఎస్‌లింట్‌కు వార్నింగుల గరిష్ఠ పరిమితిని సున్నాగా చెప్పడం ఇందుకే.

తీర్పు సీఐదే

గిట్ హుక్‌లు రిపాజిటరీతో పాటు క్లోన్ కావు, ప్రతి ఒక్కరూ ప్రీ-కమిట్ ఇన్‌స్టాల్ ఆదేశాన్ని ఒకసారి నడపాలి. నడిపినవారు కూడా నో-వెరిఫై ఆప్షన్‌తో దాటేయవచ్చు. అందువల్ల హుక్‌ను సౌకర్యంగానే చూడాలి, నియమాన్ని అమలుచేయాల్సింది సీఐ. అక్కడ అవే హుక్‌లను అన్ని ఫైళ్ల మీదా నడిపి, విఫలమైతే తేడాను చూపమనే ఆప్షన్ ఇవ్వాలి. హుక్‌ల క్యాష్‌ను ప్రీ-కమిట్ సెట్టింగుల ఫైలు హ్యాష్ ఆధారంగా భద్రపరిస్తే ప్రతిసారీ టూళ్లను డౌన్‌లోడ్ చేసే సమయం మిగులుతుంది. ఈ జాబ్‌ను టెస్టుల జాబ్‌తో సమాంతరంగా ఉంచడం న్యాయం, ఒక కామా కోసం టెస్టుల ఫలితం దాచకూడదు.

ఫార్మాటర్లను సీఐలో నేరుగా పిలిచేవారు తనిఖీ ఆప్షన్‌నే వాడాలి. ప్రెట్టియర్, బ్లాక్, రఫ్, రస్ట్ ఫార్మాటర్లు తేడా కనిపిస్తే ఎగ్జిట్ కోడ్‌తో విఫలతను తెలుపుతాయి. గో ఫార్మాటర్‌ను జాబితా ఆప్షన్‌తో నడిపితే మాత్రం సరిగా లేని ఫైళ్ల పేర్లను ముద్రించి కూడా విజయాన్ని సూచించే సున్నా కోడ్‌తోనే ముగుస్తుంది. దాని అవుట్‌పుట్ ఖాళీగా ఉందో లేదో మనమే పరీక్షించకపోతే ఆ జాబ్ ఎప్పటికీ పచ్చగానే కనిపిస్తుంది.

సీఐయే ఫార్మాట్ చేసి కమిట్ పెట్టేలా చేయవచ్చు గానీ, నేను దాన్ని సిఫారసు చేయను. గిట్‌హబ్ యాక్షన్స్‌లో సహజంగా లభించే టోకెన్‌తో పుష్ చేసిన కమిట్ కొత్త వర్క్‌ఫ్లోను ప్రారంభించదు, దాంతో చివరి కమిట్‌కు ఏ తనిఖీ జరగకుండానే రివ్యూ ఆగిపోతుంది. పైగా రచయిత కంప్యూటర్‌లోని బ్రాంచి వెనకబడి, తర్వాతి పుష్ తిరస్కరణకు గురవుతుంది.

వెర్షన్లు, మినహాయింపు వ్యాఖ్యలు

ఫార్మాటర్ వెర్షన్ మారితే దాని తీర్పులూ మారతాయి. బ్లాక్ తన స్థిరమైన శైలిని ఏడాదికి ఒకసారి, జనవరిలో వచ్చే విడుదలలోనే మారుస్తుంది, అన్ని టూళ్లూ అంత క్రమశిక్షణతో ఉండవు. ప్రీ-కమిట్ ఆటోఅప్‌డేట్ ఆదేశాన్ని గానీ రెనొవేట్ వంటి బాట్‌ను గానీ వాడి, వెర్షన్ పెంపును దాని వల్ల వచ్చిన ఫార్మాటింగ్ మార్పులతో కలిపి ఒక ప్రత్యేక పుల్ రిక్వెస్టుగా పెట్టాలి, మార్పులు పెద్దవైతే దాని హ్యాష్‌నూ బ్లేమ్ జాబితాలో చేర్చాలి. ఎడిటర్‌లో సేవ్ చేసినప్పుడు ఫార్మాట్ అయ్యే ఏర్పాటు ఉంటే, అది వాడుతున్నది ప్రాజెక్టులోని వెర్షన్‌నా, ఎక్స్‌టెన్షన్‌తో వచ్చినదాన్నా అని ఒకసారి సరిచూసుకోవాలి. "నా దగ్గర బాగానే ఉంది, సీఐలో పడిపోతోంది" అనే ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం ఇక్కడే తేలుతుంది.

లింటర్‌ను ఒక వరుస వరకు నోరు మూసుకోమనే వ్యాఖ్యలు తప్పనిసరిగా వస్తాయి, వాటిని నిషేధించడం వల్ల ప్రయోజనం లేదు. అయితే ప్రతి వ్యాఖ్యలోనూ ఏ నియమాన్ని ఆపుతున్నామో పేరు ఉండాలి, ఎందుకో ఒక ముక్క ఉండాలి. కోడ్ మారిన తర్వాత అవసరం తీరిపోయిన వ్యాఖ్యలను పట్టుకోవడానికి రఫ్‌లో వాడకంలో లేని నోక్యూఏలను (లింటర్‌ను ఆపే వ్యాఖ్యలను) చూపే నియమం ఉంది, ఈఎస్‌లింట్ తొమ్మిదో వెర్షన్ నుంచి అటువంటివాటిని అడగకుండానే వార్నింగుగా చూపుతుంది. రఫ్‌లో ఆ నియమాన్ని ఆన్ చేసి, ఈఎస్‌లింట్‌లో ఆ వార్నింగును ఎర్రర్ స్థాయికి పెంచితే, ఎప్పుడో ఎవరో రాసి మరచిన మినహాయింపులు ఆ కోడ్‌ను తిరిగి ముట్టుకున్నవారి చేతిలోనే తొలగిపోతాయి.