కారు బ్యాటరీని ఫోను బ్యాటరీలా చూడవచ్చునా?

భీమవరంలోనో అమలాపురంలోనో విద్యుత్ కారు కొత్తగా కొన్నవారు రాత్రి ఫోనుతో పాటు కారునూ ఛార్జింగుకు పెట్టి నిద్రపోతారు. రెండింటిలోనూ ఉన్నవి లిథియం అయాన్ బ్యాటరీలే కనుక పోలిక సహజమే. అయితే చాలా కార్లలో బ్యాటరీని ద్రవంతో చల్లబరిచే ఏర్పాటు ఉంటుంది, ఫోనుకు అది లేదు.

ముందుగా మీ బ్యాటరీ ఏ రసాయనానిదో కారుతో ఇచ్చిన మాన్యువల్‌లో చూసుకోవాలి. నికెల్, మాంగనీస్, కోబాల్ట్ రకమైతే రోజువారీ వాడకంలో 20 నుంచి 80 శాతం మధ్య ఉంచి, దూరప్రయాణానికి ముందు మాత్రమే 100 శాతం నింపడం మేలు. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకానికి ఈ నియమం అంత కఠినం కాదు. పైగా దాని వోల్టేజి చాలాసేపు దాదాపు ఒకే తీరుగా ఉండటం వల్ల మిగిలిన ఛార్జిని కచ్చితంగా లెక్కించడం కారుకు కష్టం, అందుకే అప్పుడప్పుడు పూర్తిగా నింపమని తయారీదారులు చెబుతారు. తెరమీది అంకెను నమ్మి రాజమహేంద్రవరం బయలుదేరేవారికి ఇది చిన్న విషయం కాదు.

ఇంట్లోని 16 ఆంపియర్ల ప్లగ్గు సుమారు 3.3 కిలోవాట్లే ఇస్తుంది కనుక 30 యూనిట్ల బ్యాటరీ నిండడానికి 9, 10 గంటలు పడుతుంది. అంతసేపు భారం మోయడానికి విడిగా మందమైన తీగ, సరైన ఎర్తింగు ఉండాలి. పాత పెంకుటిళ్లలో ఎలక్ట్రీషియన్ పరీక్షించనిదే మొదలుపెట్టవద్దని గట్టిగా చెబుతున్నాను. ఎక్స్‌టెన్షన్ బోర్డు అసలు వాడకూడదు.

బ్యాటరీలోకి దుమ్ము, నీరు చొరబడకుండా ఉన్న రక్షణను తెలిపే ఐపీ67 రేటింగు అంటే మీటరు లోతు నీటిలో 30 నిమిషాలు తట్టుకున్నట్టు జరిపిన పరీక్ష మాత్రమే. వరద కమ్మిన లంక దారిలో కారు దింపడానికి అది అనుమతి కాదు. నీట మునిగిన కారును ఛార్జింగుకు పెట్టక నేరుగా సర్వీసు కేంద్రానికి తరలించాలి.