కొలువు బొమ్మలకు ఇన్సూరెన్స్ - క్లెయిమ్ ఎక్కడ ఆగుతుంది, ఏం చేయాలి

2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు నీళ్లు విజయవాడ సింగ్ నగర్‌లోని మా ఇంట్లోకి వచ్చినప్పుడు ఫ్రిజ్, వాషింగ్ మెషీన్ కంటే మంచం కింద ట్రంకు పెట్టెలో ఉన్న కొండపల్లి బొమ్మల గురించే నాకు టెన్షన్. అమ్మమ్మ ఇచ్చినవి, నేను కొన్నవి కలిపి రెండొందల పైమాటే. నీళ్లు తీశాక పెట్టె తెరిస్తే దశావతారాల సెట్టులో వామనుడి గొడుగు ఒక మూల, చెయ్యి ఇంకో మూల బురదలో ఉన్నాయి. ఈ బొమ్మల్ని తెల్ల పొణికి చెక్కలో విడివిడి ముక్కలుగా చెక్కి, చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపి చేసిన మక్కుతో అతికిస్తారు. నానితే ముందు ఊడేది ఆ అతుకే. మాకు ఇంటి పాలసీ ఉంది, అయినా బొమ్మలకు మొదట పైసా రాలేదు. ఎక్కడ తేడా కొట్టిందో ఒక్కొక్కటిగా రాస్తున్నాను, మీ ఇంట్లో కొలువు బొమ్మలో, దుర్గి రాతి శిల్పాలో, తోలుబొమ్మలో ఉంటే ఇప్పుడే చూసుకోండి.

సమస్య: పాలసీ ఉంది, కానీ బొమ్మలు అందులో లేవంటున్నారు

కారణం: 2021 ఏప్రిల్ 1 నుంచి ఇళ్లకు అమ్ముతున్న స్టాండర్డ్ పాలసీ భారత్ గృహ రక్ష. ఇంటి కట్టడానికి బీమా చేస్తే లోపలి సామానుకు కట్టడం మొత్తంలో 20 శాతం, గరిష్ఠంగా 10 లక్షల దాకా, దానంతటదే వస్తుంది. అంటే ఇల్లు 30 లక్షలకు చేయిస్తే సామానుకు 6 లక్షలు. ఇక్కడే మోసపోతాం, ఎందుకంటే ఆ సామాను అంటే ఫర్నిచర్, టీవీ, వంటింటి వస్తువులు, బట్టల్లాంటివి. నగలు, వెండి, పెయింటింగులు, కళాఖండాలు, పురాతన వస్తువులు, అపురూప వస్తువులు 'విలువైన సామాను' అనే వేరే పద్దులోకి వెళ్తాయి, అది అడిగి తీసుకోవాల్సిన అదనపు కవర్.

పరిష్కారం: రెన్యువల్ దాకా ఆగకుండా ఏజెంటుకు ఫోన్ చేసి ఆ కవర్ పెట్టించండి. ఆ విలువైన సామానుకు చేయించే బీమా మొత్తం 5 లక్షల లోపు ఉండి, ఏ ఒక్క వస్తువూ లక్ష దాటకపోతే వాల్యుయేషన్ సర్టిఫికెట్ (విలువ ఇంత అని చెప్పే పత్రం) అక్కర్లేదు. అద్దె ఇంట్లో ఉన్నవాళ్లు కట్టడం వదిలేసి సామానుకు మాత్రమే తీసుకోవచ్చు, ఈ సంగతి చాలామందికి తెలియదు.

సమస్య: 'ఇన్ని బొమ్మలు ఉన్నాయని రుజువేది, ఈ ధర ఎవరు చెప్పారు?'

కారణం: నన్ను బాగా ఏడిపించిన ప్రశ్న ఇదే. నష్టం లెక్కగట్టడానికి కంపెనీ పంపిన సర్వేయర్ ముందు నేను పెట్టగలిగింది సంక్రాంతి కొలువు ఫొటోలు రెండు, వాటిలో కూడా బొమ్మల ముందు పిల్లలే ఉన్నారు. బిల్లులు లేవు. ఆయన్ని తప్పుపట్టలేను, చెక్క బొమ్మ అంటే బజార్లో దొరికే ధరే ఆయనకు తెలుస్తుంది.

పరిష్కారం: కొలువు తీర్చిన రోజే, పేరంటానికి ఎవరూ రాకముందు, మెట్టు మెట్టుకీ ఫొటో తీయండి. తర్వాత ఒక్కో బొమ్మను పక్కన స్కేలు పెట్టి ముందు, వెనక, అడుగు భాగం తీయండి. అడుగున చేసినవాళ్ల గుర్తో, పాత రంగో కనిపిస్తే అదే పెద్ద సాక్ష్యం. ఒక నోట్‌బుక్‌లో నంబరు, ఎత్తు, చెక్క లేదా రాయి, ఎప్పుడు ఎక్కడ కొన్నది, ఎంత అని రాయండి. సెట్టు అయితే ఎన్ని బొమ్మలో, ఒక్కోదాని విలువెంతో విడిగా రాయండి. పాతవాటికి బిల్లు ఉండదు కాబట్టి నేను కొండపల్లి వెళ్లి, 'ఇలాంటిదే ఇప్పుడు చేస్తే ఎంతవుతుంది బాబాయ్' అని ఆ బొమ్మలు చేసే పెద్దాయన్ని అడిగి, ఆ ధర కాగితం మీద రాయించి సంతకం తీసుకున్నాను. కొత్తవి ఎక్కడ కొన్నా బిల్లు అడిగి తీసుకోండి. ఫొటోలన్నీ ఇంకో ఊళ్లో ఉన్నవాళ్లకు పంపండి. మావి గుంటూరులో చెల్లి ఫోన్లో కూడా ఉన్నాయిప్పుడు, ఇల్లు మునిగినా అవి ఉంటాయి.

సమస్య: దొంగతనానికి ఇవ్వనన్నారు

కారణం: ఈ పాలసీలో దొంగతనం కవర్ అయ్యేది వరద, అగ్నిప్రమాదం లాంటిది జరిగి, దానివల్లే ఏడు రోజుల్లోపు వస్తువు పోతేనే. మామూలు దొంగతనానికి వేరే బర్గ్లరీ కవర్ కావాలి. అందులో ఇల్లు తాళం వేసి ఎన్నాళ్లు ఉండొచ్చో రాసి ఉంటుంది, ఎండాకాలం ఊరెళ్లేవాళ్లు ఆ లైను తప్పక చదవండి.

చెదలు పట్టినా, దులుపుతుంటే చేయి జారి విరిగినా ఈ పాలసీ కింద ఏమీ రాదు. దానికి పొడిగా ఉండే అటక, వేపాకు, నెలకోసారి పెట్టె తెరిచి చూడటమే దిక్కు.

ఇంకోటి. తాతల నాటి ఇత్తడి, రాతి విగ్రహాలు వందేళ్లు దాటినవైతే 1972 పురావస్తువుల చట్టం కింద భారత పురావస్తు శాఖ దగ్గర రిజిస్టర్ చేయించాల్సి రావచ్చు. ముందు ఆ పని చూసుకుని బీమాకు వెళ్లండి.

సమస్య: నష్టానికి ఆధారం లేదని కోత పెట్టారు

కారణం: శుభ్రం చేసే తొందరలో విరిగిన ముక్కలు బయట పారేస్తాం. మేమూ ఒక సంచి పారేశాం, ఆ సంచిలోవి లెక్కలోకే రాలేదు.

పరిష్కారం: గోడ మీద నీటి గీతతో కలిపి వీడియో తీయండి, కంపెనీకి అదే రోజు మెయిల్ పెట్టండి, సర్వేయర్ చూసేదాకా ఒక్క ముక్క కూడా పారేయొద్దు. తడిసినవాటిని ఎండలో పెట్టకండి, రంగు పెచ్చులుగా లేస్తుంది. నీడలో, పాత నూలు చీర మీద ఆరనివ్వండి.

అప్పటికీ తిరస్కరిస్తే ముందు కంపెనీకే రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. నెలలో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా బీమా ఫిర్యాదులు విని తేల్చే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లొచ్చు, మనకు హైదరాబాద్ ఆఫీసు. తిరస్కరించిన రోజు నుంచి ఏడాదిలోపు వెళ్లాలి. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. నోట్‌బుక్, ఫొటోలు, పెద్దాయన రాసిచ్చిన కాగితం, కంపెనీ ఉత్తరాలు తేదీల వరుసలో పెట్టుకుని వెళ్లండి.