టీమ్‌లో అందరూ ‘సరే సార్’ అంటుంటే: సమస్య, కారణం, పరిష్కారం

నెల్లూరు దగ్గర ఒక రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్‌లో కొన్నేళ్లు షిఫ్ట్ ఇన్‌చార్జిగా పనిచేశాను. అక్కడ నాకు ఎదురైనవే ఇక్కడ రాస్తున్నాను.

సమస్య: తప్పు జరిగిందని మీకే అందరికన్నా ఆఖర్న తెలుస్తుంది

ఒకరోజు 40 కౌంట్ (కిలోకి దాదాపు 40 రొయ్యలు తూగే) సరుకులో అంతకన్నా చిన్నవైన 60 కౌంట్ రొయ్యలు కలిసిపోయాయి. గ్రేడింగ్ టేబుల్ దగ్గరున్న ఒక అక్క ఐస్ నీళ్లకి ముడతలు పడ్డ వేళ్లతో ఒక చిన్న రొయ్యను తీసి, ఒక్క క్షణం నా వైపు చూసి, మళ్లీ అదే ట్రేలో వేసేసింది. నేను గమనించాను గానీ అడగలేదు. ఫ్రీజర్‌కి పంపేముందు కౌంట్ చూస్తుంటే సంగతి బయటపడింది. లాట్ మొత్తం మళ్లీ టేబుల్ ఎక్కింది, ఆడవాళ్ల బస్సు రెండు గంటలు ఆలస్యమైంది.

“ముందే చెప్పొచ్చు గదమ్మా” అంటే, “చెప్పేదానికి భయమేసింది సార్. మొన్న చెప్పినామెను అందరి ముందర అరిచారు గదా” అంది. అరిచింది నేనే.

కారణం: మా దగ్గర నోరు విప్పినవాళ్లకే తిట్లు పడేవి. 1990ల్లో ఎమీ ఎడ్మండ్‌సన్ అనే పరిశోధకురాలు అమెరికా ఆస్పత్రుల్లో నర్సుల టీములను పరిశీలిస్తే, బాగా పనిచేసే టీముల్లోనే తప్పులు ఎక్కువగా లెక్కకొచ్చాయి. వాళ్లు దాచకుండా చెప్పుకుంటున్నారు, అందుకే.

పరిష్కారం: చెడ్డ కబురు వినగానే మీ నోటి నుంచి వచ్చే మొదటి మాట మార్చండి. “చెప్పి మంచిపని చేశావమ్మా, ఎంత సరుకు కలిసింది?” అని అడగండి. ముందు సరుకు సంగతి చూడండి. ఎవరి వల్ల జరిగిందో తర్వాత, పక్కకి పిలిచి మాట్లాడండి. నేను మర్నాడు షిఫ్ట్ మొదలయ్యేటప్పుడు, అరవడం నా తప్పేనని అందరి ముందే ఒప్పుకున్నాను. వారం దాకా ఎవరూ నమ్మలేదు. రెండో వారంలో అదే అక్క చెయ్యెత్తి టేబుల్ ఆపించింది. ఆ రోజు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

సమస్య: మీటింగ్‌లో తలూపుతారు, టీ బంకు దగ్గర వేరే మాట్లాడతారు

మీరే ముందు మాట్లాడేస్తున్నారు. పెద్దాయన ఒక మాట అన్నాక కాదనడం మన దగ్గర మర్యాద కాదు గదా! అందరికన్నా కొత్తగా చేరినవాళ్లతో మొదలుపెట్టి, మీరు చివర్లో మాట్లాడండి. “ఏమన్నా ఇబ్బందా?” అంటే “లేదు సార్” అనే వస్తుంది. “ఈరోజు ఏ టేబుల్ దగ్గర పని ఆగింది?” అని అడిగి చూడండి.

సమస్య: బాగా చేసేవాళ్లే మానేస్తున్నారు

చీమకుర్తిలో గ్రానైట్ ఫ్యాక్టరీ సూపర్‌వైజర్‌గా ఉన్న మా బావకి ఇదే జరిగింది. పాలిషింగ్‌లో చెయ్యి తిరిగిన ఒక కుర్రాడు ఉండేవాడు. అర్జెంట్ ఆర్డర్ ఏదొచ్చినా అతని మీదే వేసేవాళ్లు. సంక్రాంతికి ఊరెళ్లాడు, తిరిగి రాలేదు.

పని చేసేవాడి మీదే పని పడుతుంది. రెండు వారాలపాటు ఎవరు ఏ పని చేశారో, ఎన్నింటికి ఇంటికెళ్లారో బోర్డు మీద రాయండి, బరువు ఎవరి మీద ఉందో మీకే కనబడుతుంది. చెయ్యి తిరిగినవాడికి పక్కవాళ్లకి నేర్పే టైమ్ ఇవ్వండి. ఓవర్‌టైమ్‌కి రెండింతల కూలి అని చట్టంలోనే ఉంది, అడిగించుకోకుండా ఇవ్వండి.

సమస్య: ఊరివాళ్లు ఒకవైపు, ఒడిశా వాళ్లు ఒకవైపు

చాలాసార్లు భాషే కారణం. ఒక్కో టేబుల్‌కి ఇద్దరు ఊరివాళ్లు, ఇద్దరు ఒడిశా వాళ్లు ఉండేలా వెయ్యండి. చెప్పే పనిని ఒకసారి చేసి చూపించండి.

సమస్య: ఒకామె ఉన్నట్టుండి షిఫ్ట్ మార్చమంటోంది, కారణం చెప్పడం లేదు

తేలిగ్గా తీసుకోకండి. వేధింపు ఉండొచ్చు. నమ్మకమున్న ఒక మహిళా ఉద్యోగితో నెమ్మదిగా అడిగించండి. అదే నిజమైతే “సర్దుకుపోండి” అని మీరు పంచాయితీ చేయకూడదు. ఆడవాళ్లపై లైంగిక వేధింపులను ఆపడానికి వచ్చిన 2013 చట్టం ప్రకారం పదిమంది, అంతకుమించి పనిచేసేచోట అంతర్గత కమిటీ ఉండాలి. ఫిర్యాదు రాయడానికి ఆమెకి సాయం చేసి అక్కడికి పంపండి. కమిటీలో ఎవరున్నారో ఆడవాళ్లు బట్టలు మార్చుకునే గది గోడ మీద తెలుగులో, ఒడియాలో రాయించి పెట్టండి.