గడులన్నీ నిండాయి, జవాబు మాత్రం తప్పు: పజిల్స్‌లో తేడా ఎక్కడొస్తోంది?

పోటీ పరీక్షల రీజనింగ్‌లో ఎవరెక్కడ కూర్చున్నారో తేల్చే పజిల్ రావట్లేదని రఫ్ షీటు పట్టుకొచ్చేవాళ్లను నేను మొదట అడిగేది ఒకటే: గడులు నిండాక షరతులన్నీ మళ్లీ మొదటి నుంచి సరిచూశావా? చూడరు. ఒడిశాలో మన వైపు బరంపురంలోనూ అంతే, పర్లాకిమిడిలోనూ అంతే. కొత్త షార్ట్‌కట్ ఏమైనా ఉందా అని మాత్రం అడుగుతారు.

సమస్య: వరుసలో కూర్చునేవి వస్తాయి, గుండ్రటి బల్ల వస్తే తారుమారు.

ముఖం ఎటు ఉందో గుర్తు పెట్టుకోకపోవడమే కారణం. కేంద్రం వైపు చూసేవాడి ఎడమ గడియారం ముల్లు తిరిగే దిశ, బయటికి చూసేవాడికి దానికి ఎదురు. బొమ్మలో ఒక్కొక్కరి పక్కన బాణం వేయండి, చాలు.

సమస్య: రక్త సంబంధాల ప్రశ్నల్లో చివరి మెట్టు మీద జారడం.

'క, ఖకి అక్క' అంటే ఖ ఆడా మగా చెప్పలేదు. మీరు తమ్ముడని రాసేసుకున్నారు. తెలియని చోట ప్రశ్నార్థకం పెట్టి వదిలేయండి.

సమస్య: గడులన్నీ నిండాయి, ఆ పజిల్ మీద అడిగే ప్రశ్నల సెట్‌లో ఒకటి రెండు తప్పులు.

ఇదీ అసలు దొంగ. ఈ ఉదాహరణ కాగితం మీద చేయండి.

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, కోరాపుట్ కుర్రాళ్లు ఐదుగురు ఉత్తరానికి ముఖం పెట్టి ఒక వరుసలో కూర్చున్నారు. 1) బరంపురం, రాయగడ మధ్య సరిగ్గా ఇద్దరున్నారు. 2) బరంపురానికి కుడివైపు పక్కనే పర్లాకిమిడి. 3) గుణుపురం చివర లేడు. 4) కోరాపుట్, గుణుపురం పక్కపక్కన లేరు. 5) రాయగడ చివర లేడు.

చాలామంది బరంపురాన్ని ఎడమ నుంచి రెండో సీటులో పెట్టేస్తారు. అప్పుడు కోరాపుట్, బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ అని వరుస చకచకా నిండుతుంది. మొదటి నాలుగు షరతులకూ సరిపోతుంది కూడా. గడులు నిండేసరికి పని అయిపోయిందనిపిస్తుంది, అయిదో షరతు వైపు కన్ను పోదు. ఆ షరతు ఈ వరుసను కొట్టేస్తుంది. అసలు వరుస బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, కోరాపుట్.

ఇంకో చిక్కుంది. 'రాయగడకి ఎడమవైపు పక్కన ఎవరు?' అని అడిగితే రెండు వరుసల్లోనూ గుణుపురమే. 'బరంపురానికి కుడివైపు పక్కన ఎవరు?' అంటే రెండింటిలోనూ పర్లాకిమిడే. తప్పు బొమ్మతో రెండు మార్కులు వచ్చేశాయి! 'మధ్యలో ఎవరు?' అన్న ఒక్కటే పోతుంది, అది కంగారులో పోయిందనుకుంటారు. మాక్ టెస్టులో పచ్చ గుర్తులు చూసుకుని తృప్తిపడేవాడికి ఈ జబ్బు నెలల తరబడి బయటపడదు. పుస్తకం వెనక వివరణలోనూ సాధారణంగా సరైన బొమ్మ ఒక్కటే వేస్తారు, కొట్టేసిన కేసులు, అంటే కుదరక వదిలేసిన అమరికలు, చూపించరు.

పరిష్కారం: మొదటి షరతుకు ఎన్ని కేసులు కుదిరితే అన్నీ పక్కపక్కన గీయండి. పై దాంట్లో నాలుగు, రెండో షరతుతో మూడవుతాయి, నాలుగోది ఇంకొకటి కొట్టేస్తుంది. వాడిన షరతు పక్కన టిక్కు పెట్టండి. టిక్కు లేని షరతు ఒక్కటి మిగిలినా పజిల్ పూర్తి కానట్టే. ప్రాక్టీసులో జవాబులు కాదు, మీ బొమ్మను కీలోని బొమ్మతో పోల్చండి. రైల్వే ఉద్యోగాల ఎన్టీపీసీ పరీక్ష మొదటి దశలో 100 ప్రశ్నలకు 90 నిమిషాలు, తప్పుకు మూడో వంతు మార్కు కోత. సరిచూసుకునే ఆ కొద్ది సెకన్లు దండగ కాదు.

సమస్య: ప్రశ్న చదవడానికే టైం అయిపోతోంది.

ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా చదివినవాళ్లకు మన వైపు ఇది మామూలే. రైల్వే దరఖాస్తులో పరీక్ష భాష ఎంచుకోమంటారు, తెలుగూ ఉంది, ఒడియా కూడా ఉంది. అభిమానం పక్కనపెట్టి, ఏ లిపి వేగంగా చదవగలరో అది పెట్టుకోండి. ప్రాక్టీసూ అందులోనే చేయండి.

ప్రశ్నే తప్పు, కీ తప్పు, డేటా సరిపోదు: ఇవీ ఉంటాయి, కానీ అరుదు. షరతులన్నిటికీ టిక్కు పడ్డాక కూడా రెండు బొమ్మలు మిగిలితే అప్పుడు అనుమానించండి.