దసరాకి ఫ్యామిలీ ఎస్‌యూవీ బుక్ చేసేముందు ఇవి చూసుకోండి

పండగ ఆఫర్లు వచ్చేస్తున్నాయి, టోకెన్ కట్టేముందు ఇవి మాత్రం వదలొద్దు.

- డీజిలా పెట్రోలా ముందు తేల్చుకోండి. రోజూ స్కూలు, ఆఫీసు అని నాలుగైదు కిలోమీటర్లే తిరిగితే బీఎస్6 (ఇప్పటి కాలుష్య ప్రమాణాల) డీజిల్లో డీపీఎఫ్, అంటే పొగలోని మసిని పట్టే ఫిల్టర్, మసితో పూడుకుపోతుంది, అప్పుడప్పుడూ హైవే మీద వేడెక్కేలా నడిపితేనే అది శుభ్రపడేది, మార్చాల్సొస్తే మాత్రం బిల్లు మామూలుగా ఉండదు.

- భారత్ ఎన్‌క్యాప్ (కార్లని గుద్ది భద్రతకి స్టార్లిచ్చే పరీక్ష)లో పెద్దలకి, పిల్లలకి స్టార్లు వేరువేరు. పిల్లలవీ చూడండి.

- టెస్ట్ డ్రైవ్‌కి ఇంటిల్లిపాదీ వెళ్లండి. అమ్మమ్మ ఎక్కి దిగగలరా, మూడో వరసలో మోకాళ్లు పడుతున్నాయా, ఫుల్ లోడ్‌తో స్పీడ్ బ్రేకర్‌కి అడుగు తగులుతోందా, ఒక్కరే నడిపితే ఏం తెలుస్తుంది చెప్పండి.

- మూడో వరస లేపి ఉంచి డిక్కీ చూడండి, చాలావాటిలో రెండు బ్యాగులే పడతాయి.

- బండి తయారైన నెల రిజిస్ట్రేషన్‌కి ముందే చూడండి, తర్వాత పాత స్టాకని తెలిసినా బండి మార్చివ్వరు.