ఫాంటసీ నవల రాయాలంటే ముందు చెరువు తవ్వండి

ఫాంటసీ రాద్దామని కూర్చోగానే చాలామంది మ్యాపు గీస్తారు. నేనూ గీశాను. నాలుగు రాజ్యాలు, రెండు కొండలు, నోరు తిరగని పేర్లు. రెండు అధ్యాయాలు చదివి వినిపిస్తే మా చెల్లెలు, "ఇంతకీ వీళ్లు అన్నం తినరా?" అంది. అక్కడితో ఆ నవల అటకెక్కింది.

కాబట్టి మొదట, మీ లోకంలో అందరికీ రోజూ కావాల్సింది, అందరికీ సరిపోనిది ఒకటి పట్టుకోండి. కాకతీయుల కాలం నాటి గొలుసుకట్టు చెరువులే చూడండి. పై చెరువు నిండి మత్తడి (ఎక్కువైన నీళ్లు పొర్లిపోయే అడ్డుగోడ, అలుగు) దూకితేనే కింది చెరువుకు నీళ్లు. తూము ఎత్తి ఏ మడికి ఎంత పారాలో చూసేవాడు నీరటి. పై ఊరివాళ్లు మత్తడిని ఒక్క మూర ఎత్తు లేపారంటే కింది ఊళ్లో కర్రలు లేస్తాయి. కథ మొదలైనట్టే.

ఇప్పుడు మాయ కలపండి. చెరువు అడుగున ఉన్నదేదో, మత్తడి దూకనివ్వడానికి ఏడాదికో పేరు అడుగుతుందనుకుందాం. పేరిచ్చిన మనిషిని ఊరంతా మరిచిపోతుంది, కన్నతల్లితో సహా. ఖర్చు లేని మాయ రాయకండి. మన జానపద కథల్లో ఎంతటి మాంత్రికుడికైనా ప్రాణం ఎక్కడో ఓ చిలుకలో చిక్కుకుని ఉండేది కదా.

తర్వాత మీ లోకంలోని రాజు వేయించిన శాసనం ఒకటి రాసుకోండి. 1244లో కాకతీయ రాజు గణపతిదేవుడు మోటుపల్లి రేవులో అభయ శాసనం వేయించాడు. గాలివానకు దెబ్బతిని ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును అంతకుముందు రాజులు లాక్కునేవారు, తాను మాత్రం సుంకంతో సరిపెట్టుకుంటానని అందులో మాటిచ్చాడు. సముద్రం, వ్యాపారం, రాజుల ఆశ అన్నీ ఆ ఒక్క మాటలో ఉన్నాయి. పది పేజీల వంశచరిత్ర చేయలేని పని అది.

ఇక నాయిక. కత్తి చేతికిచ్చి, కోపం ఎక్కువని చెప్పి వదిలేస్తే సరిపోదు. రుద్రమదేవి శాసనాల్లో రుద్రదేవ మహారాజుగా, మగపేరుతో కనిపిస్తుంది. ఆ పేరు మోస్తూ సామంతుల ఎదుట కూర్చోవడం ఎలా ఉండేదో ఊహించండి. మీ నాయికకూ అలాంటి బరువొకటి పెట్టి, ఏదో ఒకటి తేల్చుకోక తప్పని చోట నిలబెట్టండి. మన కథలో ఆమె నీరటి కూతురనుకోండి:

"తూము రాతి మీద చెయ్యి వేసింది. చల్లగా ఉండాల్సిన రాయి వెచ్చగా తగిలింది. కింది ఊరి డప్పు దగ్గరపడుతోంది. ఎత్తితే తమ్ముడి మడి ఎండుతుంది. ఎత్తింది."

ధీరవనిత అన్న మాట ఇక్కడ ఎక్కడా రాలేదు. రానివ్వకండి కూడా.

పేర్ల దగ్గర తంటాలు పడకండి. కుంట, పాడు, పల్లి తగిలిస్తే ఊరు పలుకుతుంది. సంభాషణల్లో "జయము జయము" వద్దు.

మూడు అధ్యాయాలయ్యాక మొహమాటం లేని మనిషికి పైకి చదివి వినిపించండి. వాళ్లు ఫోను చేతిలోకి తీసుకున్న చోట పెన్సిలుతో గీత పెట్టి, అక్కణ్నుంచి తిరగరాయండి.