రబ్బరు ఇంట్లో వదిలేసి ఫిషింగ్ హార్బర్‌కి

ఫోటో ముందు పెట్టుకుని, చెరిపి చెరిపి గీసేవాళ్ల బొమ్మల్లో తప్పులుండవు, ప్రాణమూ ఉండదు. ఆ అలవాటు వదిలించుకోవడానికి విశాఖ ఫిషింగ్ హార్బర్‌ని మించిన చోటు లేదు. అక్కడ ఏదీ మీకోసం ఆగదు.

ఏ5 పుస్తకం చాలు, కాగితం మందం 200 జీఎస్ఎంకి తగ్గకూడదు. 0.5 పెన్నులో ఇంకు నీటికి చెరగనిదై ఉండాలి. మామూలు జెల్ పెన్నయితే నీటి రంగు తగలగానే కరిగి మురికి చేస్తుంది. గాలికి పేజీలు ఎగరకుండా రెండు క్లిప్పులు. పెన్సిల్ తేవద్దు.

తెల్లారేసరికి చేరండి. ఐసు, చేపల బుట్టలు మోసేవాళ్ల దారి వదిలి, వీపు గోడకి ఆనించి కూర్చోండి.

ముందు రెండేసి నిమిషాల బొమ్మలు మూడు, ఫోన్‌లో అలారం పెట్టుకుని. కదిలేవాటితో మొదలుపెట్టండి. వెనక డాల్ఫిన్స్ నోస్ కొండ ఎక్కడికీ పోదు, చివర్లో గీయొచ్చు.

తర్వాత ఇరవై నిమిషాలు ఒకే బోటు. చిన్న ఫైబర్ బోటయితే 8 అంకెని అడ్డంగా సాగదీసి గీసి, దాని మీద అంచు వంపులు కట్టండి. వంపు తప్పితే అదే గీతని దిద్ది లావు చేయకండి, కన్ను అక్కడే ఆగిపోతుంది. పక్కనే ఇంకో గీత వేయండి, చూసేవాళ్లు సరైనదాన్నే పట్టుకుంటారు. సగంలో బోటు వెళ్లిపోయిందా? గుర్తు తెచ్చుకుని పూర్తిచేయొద్దు. ఆ సగం మీదే తర్వాత వచ్చిన బోటు గీయండి. ముందే అనుకుని వేయలేని అమరికలు ఇలాగే పుడతాయి.

సముద్రపు తేమకి రంగు తొందరగా ఆరదు. సగం తడి మీద రెండో పూత వేస్తే మరకలు కడతాయి. ఆరేలోపు పక్క పేజీలో గీసుకోండి.

"ఏటి గీస్తన్నావు బాబూ?" అని ఎవరో ఒకరు వంగి చూస్తారు. అసలు ఇబ్బంది అదే. పేజీ దాచకండి, చూపించండి. తాడు ఎక్కడ కట్టాలో బోటు నడిపేవాళ్లకి తెలిసినంత మనకి తెలీదు. చెబితే అక్కడికక్కడే గీసేయండి.

బొత్తిగా కొత్తయితే వేట నిషేధం రోజుల్లో, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 మధ్య రండి. మరబోట్లు వరసగా కట్టేసి ఉంటాయి, చేయి కుదురుతుంది. వేట మొదలయ్యాక అదే పుస్తకంతో మళ్లీ వెళ్లండి.